నూట అరవై మూడు టిక్కులు

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ పాఠకుల హాజరు రిజిస్టరును తలుపు పక్క బల్ల మీద నుంచి తీసి, చంకలో పెట్టుకుని, తన గదిలోకి వెళ్లింది. ఆ పేజీలో చివరి సంతకం ఇంకా ఆరలేదు. బల్ల మీద రిజిస్టరు లేకుండా గ్రంథాలయం తెరిచి ఉండటం ముప్పై ఒక్క ఏళ్లలో అదే మొదటిసారి. ఈ లెక్క అటెండరుది. అతను ఉద్యోగంలో చేరి అన్నేళ్లయింది.

రిజిస్టరులో ఆరు గడులు: వరుస సంఖ్య, పేరు, సభ్యత్వ సంఖ్య, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, సంతకం. గడులు గీసేది అటెండరే. పెన్ను పురికొసతో బల్ల కాలికి కట్టి ఉంటుంది. అతను చేరిన కొత్తలో తనిఖీకి వచ్చిన ఒక అధికారి పేజీలు తిప్పి, అందరూ రెండింటికి వచ్చి నాలుగింటికి వెళ్లినట్టు ఉండటం చూసి, వీళ్లు పాఠకులా, రైలు ప్రయాణికులా అని అడిగాడు. అటెండరు ఆ మాట మర్చిపోలేదు. ఆ రోజు నుంచి నిమిషాలు రాయించాడు. ఎవరైనా పావుతక్కువ మూడు అని రాస్తే కొట్టేసి రెండూ నలభై మూడు అని దిద్దేవాడు. గోడ గడియారాన్ని రోజూ పొద్దున ఫోనుతో సరిచూసేవాడు.

పాఠకులు విసుక్కునేవారు. పేపరు తాతయ్య అని అందరూ పిలిచే పెద్దాయన, చావుకు కూడా ఇంత కచ్చితంగా టైము రాయరయ్యా అనేవాడు. ఇన్నేళ్లలో ఆ నిమిషాలను మెచ్చుకున్నవాడు ఒక్కడే. అతను మిల్లులో టైంకీపరు. గేటు దగ్గర కూర్చుని కార్మికులు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్లారో రాసుకోవడం అతని పని. ఇరవై నెలల కిందట మొదటిసారి వచ్చినప్పుడు రిజిస్టరు తిరగేసి, "గురువుగారూ, మీరుండాల్సింది ఇక్కడ కాదు, మా గేటు దగ్గర" అన్నాడు. అటెండరు కాళ్లు ఆ రోజు నేలకు ఆనలేదు.

టైంకీపరు పుస్తకాలు తీసుకోడు. ప్రతి శనివారం సాయంత్రం ఐదింటికి వచ్చి రిజిస్టరులో భార్య పేరు వెతుక్కుంటాడు. ఆమె మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. రెండింటికి వచ్చి నాలుగు లోపు వెళ్లిపోతుంది. ఎప్పుడూ మూడో బల్ల దగ్గరే కూర్చుంటుంది కాబట్టి సిబ్బందికి ఆమె మూడో బల్లావిడ. ఆ బల్ల ముందు స్తంభం ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లు కాస్త వంగితే తలుపును చూడగలరు, తలుపు దగ్గర నిలబడినవాళ్లకు వాళ్లు కనిపించరు. ఆమె ఆ బల్లనే ఎందుకు ఎంచుకుందో ఇరవై నెలల్లో ఎవరికీ తట్టలేదు.

మా ఆవిడకు టైమంటే లెక్కలేదు గురువుగారూ, అందుకే చూసి వెళ్తుంటాను అని టైంకీపరు చెప్పేవాడు. అటెండరు కుర్చీ వేసేవాడు. లైబ్రేరియన్ అటుగా వెళ్తే నమస్కారం పెట్టేది. భార్య మీద ఎంత ధ్యాసో అని అటెండరు ఇంట్లో చెబితే, అతని భార్య కూర తరుగుతూ, ధ్యాస ఉన్నవాడు పెళ్లాం ముఖం చూస్తాడు గానీ పుస్తకం చూడడు అంది. నీకన్నీ వంకరే అని అతను కొట్టిపారేశాడు.

ఆ మంగళవారానికి ముందు మూడు వారాలు ఆమె రాలేదు. వచ్చినప్పుడు చీర కొంగు కుడి భుజం మీదుగా చెయ్యంతా కప్పి ఉంది. సంతకం పెట్టకుండా లోపలికి వెళ్లొచ్చా అని అటెండరును అడిగింది. రూలు ఒప్పుకోదమ్మా అన్నాడు. ఆమె ఎడమ చేత్తో పెన్ను పట్టుకుంది. అటెండరు వంగి చూశాడు.

"సంతకం కలవట్లేదు తల్లీ."

ఆమె కొంగు తీసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. కిందటిసారి శుక్రవారం తాను మూడూ నలభై తొమ్మిదికి బయటికి వెళ్లినట్టు ఈ పుస్తకంలో ఉందని, ఇంటికి నడక పద్దెనిమిది నిమిషాలని, ఆ రోజు తాను ఇల్లు చేరింది నాలుగూ పద్దెనిమిదికని చెప్పింది. ఆ రోజు భర్త అప్పటికే ఇంట్లో ఉన్నాడు. మర్నాడు ఇక్కడికొచ్చి సరిచూసుకున్నాడు.

"పదకొండు నిమిషాలు తేడా వచ్చిందండీ" అంది.

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. గ్రంథాలయంలోనే కూర్చుని చదివే పుస్తకానికి చీటీ రాసివ్వాలి. ఆ శుక్రవారం ఆమె చీటీ మీద రాసింది గృహహింస చట్టం గురించిన పుస్తకం. ఆ చీటీని అటెండరే తీసి టైంకీపరుకు చూపించాడు. మీ ఇంట్లో వకీలు తయారవుతున్నారు సార్ అని నవ్వాడు కూడా. అతనూ నవ్వాడు.

అటెండరు రిజిస్టరును అలాగే వదిలేసి లైబ్రేరియన్ గదిలోకి వెళ్లాడు. ఆ పాపం నా చేతుల మీదుగా జరిగింది మేడమ్ అన్నాడు. తర్వాత జరిగింది పైన రాసిందే.

లైబ్రేరియన్ వయసు నలభై ఏడు. కోపం వస్తే ఆమె గొంతు తగ్గుతుందని సిబ్బంది చెబుతారు. మూడో బల్లావిడను తన గదిలో కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగింది. ఈ రోజు ఇక్కడికి వచ్చినట్టు ఆయనకు తెలుసా? తెలియదు, ఫోను ఇంట్లోనే పెట్టి వచ్చాను, అది నేనెక్కడున్నానో ఆయనకు చెబుతుంది. ఆసుపత్రిలో ఏం రాశారు? మెట్ల మీద జారిపడ్డానని. ఆయన పక్కనే ఉన్నాడు. వెళ్లడానికి ఎవరైనా ఉన్నారా? అక్క ఉంది. రమ్మని ఏడాదిగా మొత్తుకుంటోంది.

"మరి?"

"ఇల్లు మా అమ్మది మేడమ్. నా పేరు మీద రాసి పోయింది. ఆయన నా ఇంట్లో ఉంటూ నన్ను కొడుతున్నాడు. నేనెందుకు వెళ్లాలి?"

లైబ్రేరియన్ ఆఫీసు ఫోను ఆమె ముందుకు జరిపింది. అక్క నంబరు ఆమెకు నోటికి వచ్చు. అక్క అవతలి నుంచి లైబ్రేరియన్‌తో మాట్లాడింది. అది మొండిదండీ, చిన్నప్పుడు కూడా మంచంలో తన సగం వదిలేది కాదు అని చెప్పి, ఫోనులోనే ఏడ్చి, నేనేం చెయ్యాలో చెప్పండి అని అడిగింది.

ఇక్కడ ఒక పాత సంగతి ఉంది. రెండేళ్ల కిందట ఒక వకీలమ్మ ఉచితంగా న్యాయ సలహా ఇస్తానని గ్రంథాలయానికి వచ్చింది. పేపర్ల గది గుమ్మానికి బోర్డు పెట్టారు. ఆరు శనివారాలు కూర్చుంది. ఒక్కరూ రాలేదు. ఆ గుమ్మంలోకి ఎవరు వెళ్లినా హాలంతా చూస్తుంది. ఏడో శనివారం వకీలమ్మ బోర్డు తీసేసి, మీ ఊళ్లో ఎవరికీ గొడవలు లేవండీ, అదృష్టవంతులు అని వెళ్లిపోయింది. మూడో బల్లావిడ కట్టుతో వచ్చిన మంగళవారం సాయంత్రమే లైబ్రేరియన్ ఆ వకీలమ్మకు ఫోను చేసింది. ఈసారి బోర్డు ఉండదని, పాఠకురాలిలా వచ్చి మూడో బల్ల దగ్గర ఏదో ఒక పుస్తకం తెరిచి కూర్చోవాలని చెప్పింది.

శుక్రవారం వకీలమ్మ తోటపని పుస్తకం తెరిచి కూర్చుంది. ఎదురుగా మూడో బల్లావిడ. హాల్లో మాట్లాడకూడదు. ఇద్దరూ పుస్తకాల చీటీల వెనక రాసుకున్నారు. ఒకరు కుడి చేత్తో, ఒకరు ఎడమ చేత్తో. గంటన్నరలో అరవై చీటీలు అయ్యాయి. చివరికి అటెండరు వాటన్నింటినీ ఏరి, బైండింగు గదిలో జిగురు బకెట్లో వేసి కలిపాడు.

వకీలమ్మ చెప్పిన దాని సారం ఇది. రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. అతన్ని ఇంట్లోంచి పంపమనీ అడగవచ్చు, ఇల్లు ఆమెదే కాబట్టి. కానీ ఆసుపత్రి కాగితం మెట్లు అంటోంది. ఇరుగుపొరుగు ఎవరూ సాక్ష్యానికి రారు. అతను మిల్లులో పన్నెండేళ్లుగా ఒక్క మాట పడని ఉద్యోగి. ఆమె చెప్పేది ఒక్కటే ఉంటే జడ్జి తేదీలు వేస్తూ పోవచ్చు. ఇల్లు వదలనంటే, ఆ తేదీల మధ్య ఆమె అతనితో ఆ ఇంట్లోనే ఉండాలి.

మర్నాడు శనివారం. ఐదు గంటలకు టైంకీపరు వచ్చాడు. బల్ల మీద రిజిస్టరు లేదు. ఒక పళ్లెంలో అంకెలు వేసిన రేకు బిళ్లలు ఉన్నాయి. సంచులు పెట్టుకునే చోట వాడి మానేసినవి. వచ్చినవారు ఒక బిళ్ల తీసుకోవాలి, వెళ్లేటప్పుడు డబ్బాలో వెయ్యాలి.

గురువుగారూ, రిజిస్టరేదీ అని అడిగాడు. అటెండరు కుర్చీ వెయ్యలేదు. లోపలుంది అన్నాడు. తెమ్మంటే, మేడమ్‌ని అడగండి అన్నాడు. ఇరవై నెలల్లో అతన్ని సార్ అని పిలవకుండా మాట్లాడటం అదే మొదలు. టైంకీపరు గమనించాడు.

లైబ్రేరియన్ బయటికి వచ్చింది. హాల్లో పద్నాలుగు మంది ఉన్నారు. ఆమె అతన్ని గదిలోకి పిలవలేదు, కావాలనే.

"రిజిస్టరు చూడాలి మేడమ్."

"ఎందుకు?"

"మా ఆవిడ ఈ వారం వచ్చిందో లేదో చూసుకోవాలి."

"ఆమెనే అడగండి."

"అడిగాను. రాలేదంది. నిజమో కాదో తెలియాలి కదా. ఇది సర్కారు లైబ్రరీ. ఆ రిజిస్టరు అందరిదీ."

"పుస్తకాలు అందరివీ. ఎవరు ఎప్పుడొచ్చారు, ఏం చదివారు అనేది చదివినవాళ్లది. ఇన్నాళ్లూ మీకు చూపించడం మా తప్పు. ఆ తప్పు మంగళవారంతో ఆపేశాం."

టైంకీపరు గొంతు పెంచలేదు. మంగళవారం ఏమైంది అని అడిగాడు. నోరు జారానని లైబ్రేరియన్‌కు అప్పుడు తెలిసింది. పేపరు తాతయ్య కళ్లజోడు తీసి, మంగళవారం చెదపురుగులు పట్టాయి, నేనే చెప్పి తీయించాను, ఇక కాస్త నిశ్శబ్దంగా ఉంటారా అన్నాడు. టైంకీపరు అందరినీ ఒకసారి చూసి, మీ మీద పైకి రాస్తాను అని చెప్పి వెళ్లిపోయాడు. అప్పుడు ఐదూ పన్నెండు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమె పిటిషనులో నాలుగే వాక్యాల్లో రాసింది. అతను వంటగదిలో ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని రెండు గంటలు కూర్చుని, మంగళవారం ఎక్కడున్నావని నూరుసార్లు అడిగాడు. ఆమె ఇంట్లోనే అని నూరుసార్లు చెప్పింది. కొట్టలేదు. ఉత్తరం రాయాలని లేచి వెళ్లాడు.

ఫిర్యాదు రెండు పేజీలు. బుధవారం జిల్లా కార్యాలయానికి చేరింది. అక్కడి నుంచి మెమోతో కలిపి శుక్రవారం లైబ్రేరియన్ చేతికి వచ్చింది. ఫిర్యాదు నకలు మెమోకు జతచేయాలని నియమం. మెమోలో ఉన్నది: సోమవారం పది గంటలకల్లా రిజిస్టరు యథాస్థానంలో ఉండాలి, తీసినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

లైబ్రేరియన్ మెమో ఒకసారి చదివింది. ఫిర్యాదు రెండుసార్లు చదివింది. మూడోసారి అటెండరును పిలిచి గట్టిగా చదివించింది. రెండో పేరా ఇలా ఉంది: "నేను గత ఇరవై నెలలుగా ప్రతి శనివారం స్వయంగా వెళ్లి, నా భార్య రాకపోకల సమయాలు సరిచూసి, ప్రతి పద్దు పక్కన ఆకుపచ్చ సిరాతో టిక్కు, పొట్టి సంతకం పెడుతున్నాను. దీనికి ఇంతవరకు సిబ్బంది ఎవరూ అభ్యంతరం చెప్పలేదు."

"బాబాయ్, టిక్కులు పెట్టేవాడా?"

పెట్టేవాడని, మిల్లులో అలవాటు కాబోలు అనుకున్నానని, పేజీకి అందంగా కూడా ఉందనుకున్నానని అటెండరు చెప్పాడు.

బీరువా తెరిచారు. ఇరవై నెలల రిజిస్టర్లు నాలుగు. ఇద్దరూ చెరి రెండు తీసుకుని లెక్కపెట్టారు. ఆమె వచ్చిన రోజులు నూట అరవై నాలుగు. టిక్కులు నూట అరవై మూడు. టిక్కు లేనిది ఒక్కటే, ఎడమ చేతి సంతకం ఉన్న మంగళవారం. మూడూ నలభై తొమ్మిది అన్న గడి చుట్టూ మాత్రం ఆకుపచ్చ సున్నా ఉంది. పక్కన చిన్న అంకె: పదకొండు.

టిక్కు మొదటి రోజే కనిపించింది, అంకె కూడా కనిపించింది, ఏమిటని అడగలేదు మేడమ్ అన్నాడు అటెండరు. నేనూ అడగలేదు బాబాయ్, నమస్కారం పెట్టాను అని లైబ్రేరియన్ అంది.

ఆ మధ్యాహ్నం రెండింటికి అక్క మొదటిసారి గ్రంథాలయానికి వచ్చింది. చెల్లెలూ వచ్చింది, ఎప్పటిలాగే ఫోను ఇంట్లో వదిలి. వకీలమ్మ బైండింగు గదిలో నిలబడి ఫిర్యాదు చదివి, "ఇంత చక్కగా ఎవరూ ఒప్పుకోరు" అంది. ఇక నిర్ణయం ఆమెదని చెప్పింది. పిటిషను వేస్తే నోటీసు అతనికి వెళ్తుంది. అది అందిన రోజు నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆమె ఆ ఇంట్లో ఉండకూడదు. అక్క దగ్గరికి వెళ్లాలి. అన్నీ కలిసొస్తే వారం.

వారం అయితే వెళ్తాను, కానీ అది నా ఇల్లని ముందు రాయండి, మిగతావన్నీ తర్వాత రాయండి అని ఆమె చెప్పింది. పిటిషనులో మొదటి వాక్యం అలాగే ఉంది. గ్రంథాలయం కంప్యూటరు మీద ఆమె చెబుతుంటే అక్క టైపు చేసింది. అక్కకు టైపు రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నాలుగు పేజీలకు మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి, దీనికంటే వాణ్ని కొట్టిరావడం తేలిక అంది. ఆ రోజు మూడో బల్లావిడ మొదటిసారి నవ్వడం చూశానని అటెండరు చెప్పాడు. ఆమె అక్కడి నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. కట్టుబట్టలతో.

వకీలమ్మ శనివారం పొద్దున పిటిషను వేసింది. రిజిస్టర్లు తెప్పించమని అందులోనే కోరింది.

సోమవారం పది గంటలకు జిల్లా కార్యాలయం అధికారి స్వయంగా వచ్చాడు. బల్ల మీద బిళ్లల పళ్లెం ఉంది. ఆయన కూర్చోలేదు.

"ఎందుకమ్మా మనకు మొగుడూ పెళ్లాల గొడవ? పుస్తకం అక్కడ పెడితే ఏం పోయింది?"

"ఒక చెయ్యి విరిగింది సార్. ఇంకేం పోవాలి?"

అధికారి నియమం ఏముందో చదివి వినిపించాడు. ప్రతి పాఠకుడి రాకపోకలు నమోదు చేయాలి. లైబ్రేరియన్ ముప్పై ఒక్క ఏళ్ల నెలవారీ నివేదికల ఫైళ్లు అప్పటికే తీయించి పెట్టింది. నివేదికలో ఉన్న గడి ఒక్కటే: ఆ నెల ఎంతమంది వచ్చారు. ఎవరెవరు వచ్చారని జిల్లా కార్యాలయం ఎన్నడూ అడగలేదు. ఎంతమంది అన్నది బిళ్లలు చెబుతాయి అంది. పైగా రిజిస్టరులో పేర్లు నమ్మేలా ఉన్నాయా అని పేపరు తాతయ్య వైపు చూసింది.

తాతయ్య లేచాడు. తాను ఇరవై రెండేళ్లుగా రోజుకో పేరు రాస్తున్నానని, అందులో చనిపోయిన తన బావమరుదులు ముగ్గురు ఉన్నారని, వాళ్లు బతికుండగా ఒక్కరోజూ పుస్తకం ముట్టలేదని చెప్పాడు. అటెండరు ముఖం వాడిపోయింది. నిమిషాలు మాత్రం నిజమేనా అని అడిగాడు. అవి నువ్వు దిద్దినవే కదయ్యా అన్నాడు తాతయ్య. హాల్లో ఎవరో దగ్గినట్టు నవ్వారు.

అధికారి నవ్వలేదు. పాత రిజిస్టర్లు నాలుగూ తనతో తీసుకెళ్తానన్నాడు. వాటిమీద తగాదా ఉంది కాబట్టి కార్యాలయంలో ఉండటం మంచిదన్నాడు. అవి అక్కడికి చేరితే, ఫిర్యాదుదారుగా టైంకీపరు వెళ్లి చూడమని అడగవచ్చు. ఒక్కడే కూర్చుని చూడవచ్చు.

"ఇవ్వను సార్" అని లైబ్రేరియన్ అంది.

"రాతపూర్వకంగా ఆదేశిస్తే?"

"రాతపూర్వకంగా ఇవ్వనంటాను. మీరు నన్ను సస్పెండు చెయ్యొచ్చు. తర్వాత వచ్చినావిడ ఇస్తుందేమో. అప్పటిదాకా ఇవి ఇక్కడే ఉంటాయి."

ఆయన ఆదేశం రాశాడు. ఆమె అదే కాగితం కింద జవాబు రాసి సంతకం పెట్టింది. జవాబు రెండు మాటలు: ఇవ్వడం లేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. గంట తర్వాత కోర్టు నుంచి మనిషి సమన్లు తెచ్చాడు. నాలుగు రిజిస్టర్లతో గురువారం పదిన్నరకు హాజరు కావాలి.

బుధవారమంతా అటెండరు తెల్లకాగితం పట్టీలు కత్తిరించాడు. ఆమె వరుస తప్ప మిగతా పేర్లన్నీ కప్పాలని లైబ్రేరియన్ పట్టుబట్టింది. వాళ్లను కోర్టు అడగలేదు కాబట్టి వాళ్లెవరో కోర్టుకు అక్కర్లేదంది. నూట అరవై నాలుగు చోట్ల పట్టీలు పైన ఒకటి, కింద ఒకటి.

గురువారం కోర్టులో అటెండరును ముందు పిలిచారు. అతను అంతకుముందు కోర్టు మెట్లెక్కలేదు. ఈ రిజిస్టరు మీరు నిర్వహించినదేనా అని అడిగారు. అవునన్నాడు. ఇంకేమైనా చెప్పాలా అంటే, చెప్పాలి అన్నాడు.

"ఆ అమ్మాయి ఎప్పుడెళ్లిందో నిమిషంతో సహా రాసింది నేను. ఆయనకు చూపించింది నేను. చీటీ కూడా నేనే తీసిచ్చాను. ఎవరూ అడగకుండానే."

తర్వాత టైంకీపరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఈ టిక్కులు మీవేనా అని జడ్జి అడిగింది. నావేనండీ అన్నాడు. ఎందుకు పెట్టారు అంటే, సరిచూసినట్టు గుర్తు అన్నాడు. చూసి టిక్కు పెట్టకపోతే చూడనట్టే లెక్కని వివరించాడు. అతని వకీలు చొక్కా లాగాడు. అతను ఆగలేదు. ఇంటికి నడక పద్దెనిమిది నిమిషాలని, అది తాను మూడుసార్లు స్వయంగా నడిచి చూసిన సరాసరి అని, కావాలంటే వివరాలు ఉన్నాయని జేబులోంచి డైరీ తీశాడు.

జడ్జి డైరీ తీసుకుంది. పేజీలు తిప్పింది. ఆ శుక్రవారం దగ్గర ఆగింది.

"ఇక్కడ పదకొండు అని రాసి కింద గీత కొట్టారు. మర్నాడు సాయంత్రం మీ భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగింది?"

టైంకీపరు మెట్లు అన్నాడు. మెట్ల మీద ఎన్ని గంటలకు పడింది అని జడ్జి అడిగింది. అతను డైరీ కోసం చెయ్యి చాచాడు. జడ్జి ఇవ్వలేదు. అందులో చూశాను, రాసి లేదు అంది. పాలవాడు ఎప్పుడొచ్చాడో కూడా రాసుకున్న మనిషి భార్య పడిన టైము రాసుకోలేదేమని అడిగింది. అతను జవాబు చెప్పలేదని రికార్డులో ఉంది.

చివర ఆమెను పిలిచారు. కట్టు ఇంకా విప్పలేదు. ఆ పదకొండు నిమిషాలు ఎక్కడున్నారని అతని వకీలు అడిగాడు. ఎవరిని కలిశారు అని కూడా అడిగాడు.

"బస్టాపులో కూర్చున్నాను."

"ఏ బస్సు కోసం?"

"ఏ బస్సూ కాదు. ఊరికే కూర్చున్నాను. మళ్లీ కూర్చుంటాను."

పన్నెండూ నలభైకి జడ్జి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. టైంకీపరు సాయంత్రం ఆరు లోపు ఆ ఇల్లు ఖాళీ చేయాలి. ఆ ఇంటికి, ఆమె అక్క ఇంటికి, శాఖా గ్రంథాలయానికి రెండు వందల మీటర్ల లోపలికి రాకూడదు. డైరీ కోర్టు స్వాధీనంలో ఉంటుంది. అసలు పిటిషను విచారణ వచ్చే నెల ఆరో తేదీకి వాయిదా పడింది. లైబ్రేరియన్ మీద శాఖాపరమైన చర్య సంగతి ఇంకా తేలలేదు.

టైంకీపరు రెండు పెట్టెలతో ఐదూ ముప్పై ఐదుకు వెళ్లిపోయాడని కింది వాటా వాళ్లు చెప్పారు. ఆమె, అక్క, ఒక మహిళా కానిస్టేబుల్ ఆరూ పదికి మెట్లెక్కారు. తలుపు తీసే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు.